ఓటు మురిగిపోతాదప్పా: ఆంధ్ర కాంగ్రెస్ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ పెద్దలకు, జిల్లా అధ్యక్షులకు, ఢిల్లీ నుంచి ఈ రాష్ట్రం సంగతి చూసే బాధ్యులకు

నమస్కారం.

నేను మీ పార్టీ సభ్యుణ్ని కాను, ఇంకో పార్టీ సభ్యుణ్నీ కాను. మాది అనంతపురం జిల్లా నార్పల మండలంలో ఒక చిన్న ఊరు. కొంచెం మెట్ట పొలం. వానొస్తే శెనక్కాయ, రాకపోతే బెంగళూరు బస్సు. కొన్నేళ్లు కరువు పనికి, అంటే ఉపాధి హామీ పనికి, మేటుగా (కూలీల హాజరు చూసే మనిషిగా) చేశాను. మా నాయన మాత్రం ఊపిరున్నంత కాలం మీకే ఓటేశాడు. కాడెద్దుల గుర్తుకు వేశాడు, ఆవూదూడకు వేశాడు. 1978లో చెయ్యి గుర్తు కొత్తగా వచ్చినప్పుడు ఇంటింటికీ పోయి అరచెయ్యి చూపించి మరీ వేయించాడు. ఆ చుట్టరికం కొద్దీ రాస్తున్న ఉత్తరం ఇది. చుట్టాల ఉత్తరంలో నిష్ఠూరాలు ఉంటాయి, ఓపిక పట్టండి.

2024 మే 13. పొద్దున ఏడు దాటింది. బడి దగ్గర వరస అప్పటికే గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. కాస్త దూరంలో రెండు బల్లలు వేసి ఉన్నాయి. ఒక బల్ల దగ్గర సైకిల్ వాళ్లు, ఇంకో బల్ల దగ్గర ఫ్యాను వాళ్లు ఓటరు లిస్టు కాగితాలు తిప్పుతూ చీటీలు రాసిస్తున్నారు. మూడో బల్ల లేదు. నా ముందు ఒక అవ్వ నిలబడింది. డెబ్బై అయిదేళ్లు దాటి ఉంటాయి. వెనక్కి తిరిగి నన్నడిగింది.

"ఇందిరమ్మ చెయ్యి ఉందాప్పా ఈసారి?"

"ఉంది అవ్వా."

"ఉంటే ఏం లే. ఓటు మురిగిపోతాది."

అంత మాత్రమే. తిట్టలేదు, మొహం చిట్లించలేదు. చిన్నప్పుడు ఆడుకున్న చెట్టు ఇంకా ఉందా అని అడిగినట్టు అడిగింది. ఉందని తెలిశాక పోయి ఇంకెవరికో వేసి వచ్చింది. ఓడిన ప్రతిసారీ మీరు సమీక్షలు పెట్టుకుంటారు కదా. వాటిలో ఎవరైనా ఇలాంటి అవ్వ మాట మీ చెవిన వేశారో లేదో అని అనుమానమొచ్చి ఈ కాగితం పట్టుకున్నాను.

మీ నాయకుల నోట ఎక్కువగా వినపడేది విభజన మాట. రాష్ట్రాన్ని విడగొట్టారన్న కోపం జనంలో ఇంకా పోలేదు, అందుకే ఓట్లు పడటం లేదు అని. ఆ కోపం అబద్ధమని నేననను. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు నడుస్తుండగా టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. మేం టీకొట్టు దగ్గర నిలబడి చూస్తున్నాం. కరెంటు పోయిందేమో అని తల పైకెత్తితే కొట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. (ఆ ఏడాది ఫ్యాను మీ ఓట్లను ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు.) ఇంట్లో ఆస్తి పంచుతూ తలుపులేసుకుంటే బయట నిలబడ్డవాడికి ఎట్లా ఉంటుందో అట్లా ఉండింది. ఆ మే నెలలో 175 అసెంబ్లీ స్థానాల్లో మీకు ఒక్కటీ రాలేదు, 25 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటీ రాలేదు. ఆ దెబ్బ మీరు తినాల్సిందే, తిన్నారు.

కానీ కోపం ఒక్కటే కారణమైతే ఆ లెక్క మిగతావాళ్ల దగ్గర కూడా కుదరాలి కదా. పార్లమెంటులో అదే బిల్లుకు మద్దతిచ్చిన బీజేపీకి 2024లో ఇక్కడ ఎనిమిది మంది ఎమ్మెల్యేలున్నారు. 2008లోనే తెలంగాణకు ఒప్పుకుంటూ లేఖ ఇచ్చిన తెలుగుదేశానికి 135 మంది. జనం వాళ్లను క్షమించారు, లేదా మరిచిపోయారు, లేదా అవసరం కొద్దీ పక్కన పెట్టారు. మీకు మాత్రం 2019లో పడ్డ ఓట్లు నోటా కంటే తక్కువ. 2024లో అసెంబ్లీకి రెండు శాతం దాటలేదు. నోటాకు కోపంతో వేస్తారు. మీకు కోపంతో కూడా ఎవరూ వేయటం లేదు.

కోపంగా ఉన్నవాడి దగ్గరికి పోయి మాట్లాడవచ్చు. నీ ఊసే ఎత్తనివాడి దగ్గరికి ఏ మాట పట్టుకుని పోతావు? మీ చిక్కు ఇది. కోపం కథ మీకు సుఖంగా ఉంది, ఎందుకంటే అందులో మీరు ఎదురుచూస్తే చాలు, ఎప్పటికో చల్లారుతుంది. అవ్వ మాటలో ఎదురుచూడటానికి ఏమీ లేదు.

పాత ఓటములు గుర్తు చేసుకుని ధైర్యం చెప్పుకునేవాళ్లు కూడా మీలో ఉన్నారు. 1983లో ఎన్టీఆర్ దెబ్బకు 60కి పడిపోయాం, 1989లో తిరిగొచ్చాం. 1994లో 294లో 26కి దిగిపోయాం, పదేళ్లకు 185తో వచ్చాం. ఇదీ అంతే అంటారు. అంతే కాదు సామీ. 1983లోనూ 1994లోనూ సీట్లు పోయాయి గానీ నూటికి ముప్పైమూడు ఓట్లు మీ దగ్గరే ఉన్నాయి. మూడిళ్లలో ఒకటి మీది. ఓడిపోయిన మర్నాడు కూడా ఊళ్లో సగం రచ్చకట్ట మీది. సొసైటీ అధ్యక్షుడు మీవాడు, పాల కేంద్రం మీవాడిది, పెళ్లికి పిలిచే వరసలో ముందుండే పెద్దమనిషి మీవాడు. రాజశేఖరరెడ్డి 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు ఆయన వెనక ఆ మనుషులంతా ఉన్నారు. 1999లో ఓడినా 91 మంది ఎమ్మెల్యేలను గెలిపించుకున్న పార్టీ అది. పండిన చేలో కోతకు దిగినట్టు నడిచాడాయన. దున్నిందీ విత్తిందీ అంతకుముందే జరిగిపోయింది. ఇప్పుడు మీలో ఎవరు నోరు తెరిచినా పాదయాత్ర అంటారు. విత్తనం లేని చేలో కొడవలి పట్టుకుని ఎన్ని కిలోమీటర్లు నడిచినా కాళ్లు నొప్పులే.

2022 అక్టోబరులో రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర మా జిల్లాకే వచ్చింది, డి.హీరేహాళ్ దగ్గర. తర్వాత కర్నూలు జిల్లాలో ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా పోయింది. జనం బాగానే వచ్చారు. ఆయనతో చేయి కలిపిన కుర్రాళ్లు ఆ ఫోటో వాట్సాప్‌లో పెట్టుకున్నారు. ఏడాదిన్నరకు ఎన్నికలొచ్చాయి. ఆ ఫోటో తీసుకున్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరైనా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నారా? రాసుకుని ఉంటే 2024లో మా బడి దగ్గర ఆ మూడో బల్ల పడేదేమో.

2014లో మీకు జరిగింది ఓటమి కంటే పంపకాలు అంటే సరిపోతుంది. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు గొడ్డూగోదా ఒకరు తోలుకుపోతారు, మెరక చేను ఒకరు, పల్లం చేను ఒకరు. బొత్స సత్యనారాయణ విభజన నాడు మీ పీసీసీ అధ్యక్షుడు. 2015లో వైఎస్సార్సీపీకి పోయారు. కేంద్రంలో మీ మంత్రి పురందేశ్వరి బీజేపీకి పోయి, ఆ పార్టీకే రాష్ట్ర అధ్యక్షురాలయ్యారు. ఉమ్మడి రాష్ట్రం చివరి ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి సొంత పార్టీ పెట్టి, తిరిగి మీ దగ్గరకొచ్చి, 2023లో బీజేపీలో చేరారు. ఇక మా శింగనమల నియోజకవర్గం నుంచి రెండుసార్లు గెలిచిన శైలజానాథ్, మీకు పీసీసీ అధ్యక్షుడిగా కూడా చేసినాయన, 2025లో వైఎస్సార్సీపీలో చేరారు. ఇప్పుడు రాష్ట్రంలో ఏ పార్టీ సభ వేదిక చూసినా పాత కాంగ్రెస్ మొహాలు నాలుగైనా కనపడతాయి. అందరూ మీ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లే. మీకు మిగిలింది విజయవాడలో ఆంధ్రరత్న భవన్, గోడకు ఫోటోలు. ఆ ఫోటోల్లో కూడా ఒకటి తగాదాలో ఉంది. రాజశేఖరరెడ్డి బొమ్మ మీ జెండా పక్కనా ఉంది, ఫ్యాను జెండా మీదా ఉంది. దళితవాడలో, ముస్లింల వీధిలో, చర్చి దగ్గర, ఒకప్పుడు మీవైన ప్రతి చోటా ఆ బొమ్మతో పాటే ఓటు కూడా తరలిపోయింది.

నాయకులు పోతే పోయారు, వాళ్లు ఎప్పుడూ పోతూనే ఉంటారు. ఊళ్లో చీటీలు రాసే మనిషి పోయాడు. నష్టం అక్కడ జరిగింది. నాయకుడు పార్టీ మారితే పేపర్లో పడుతుంది. వీడు మారితే పక్కింటివాడికి తప్ప ఎవరికీ తెలియదు.

మరి తెలంగాణ? తెలంగాణ ఇచ్చిన పార్టీ అక్కడ కూడా తొమ్మిదిన్నరేళ్లు గెలవలేదన్నది మరిచిపోకండి. 2014లో 119లో 21, 2018లో 19. ఆ 19లోనూ పన్నెండు మంది 2019లో అవతలికి పోయారు. అయినా 2018లో నూటికి ఇరవై ఎనిమిది ఓట్లు ఆ పార్టీకి ఉన్నాయి. కేసీఆర్ మీద విసిగినవాడికి 'ఇక్కడికి పోవచ్చు' అని ఒక గడప కనపడింది. 2023లో 64 సీట్లు ఆ గడప దగ్గరే పుట్టాయి. ఆంధ్రలో ఆ రెండో గడప ఖాళీగా లేదు. 2024లో 11 సీట్లకు పడిపోయిన వైఎస్సార్సీపీకి అప్పుడు కూడా నూటికి ముప్పైతొమ్మిది ఓట్లు పడ్డాయి. ఆ కోట ఎప్పుడో కూలుతుంది, రాళ్లు ఏరుకుందామని మీలో కొందరు కాచుకుని ఉన్నారని వింటున్నాను. జగన్ మీద విసిగినవాడు 2024లో ఎటు పోయాడో లెక్క మీ ముందే ఉంది. మీ వైపు రాలేదు.

మా జిల్లాది ఇంకో విచిత్రం. పడమర దాటితే కర్ణాటక, అక్కడ మీ ప్రభుత్వం. మా ఊరి పిల్లలు సగం మంది బెంగళూరులో సెంట్రింగు పనిలో, హోటళ్లలో ఉన్నారు. అక్కడ ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అని 2023లో ఫోన్ చేసి చెప్పింది మా చెల్లెలు. ఆ మాట ఊరంతా పాకింది. ఇక్కడ ఆ హామీని పట్టుకున్నది తెలుగుదేశం, అమలైంది 2025 ఆగస్టు 15న. మా ఆడవాళ్లు ఇప్పుడు అనంతపురానికి ఫ్రీగా పోతున్నారు, దండం చంద్రబాబుకు పెడుతున్నారు. మీ వంట పక్కింట్లో వడ్డిస్తున్నారు, మీరు మాత్రం వాసన చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు కరువు పని సంగతి. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది నాకు బాగా తెలిసిన సంగతి.

2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది మా మండలంలోని బండ్లపల్లిలో. దేశమంతటికీ అక్కడి నుంచే. మా నాయన సైకిల్ మీద పోయి చూసొచ్చాడు. మీకు ఇంతకంటే పెద్ద ఆస్తి ఇంకొకటి ఉంటుందనుకోను. పదేళ్లకు, 2016 ఫిబ్రవరిలో, రాహుల్ గాంధీ, మన్మోహన్ సింగ్ మళ్లీ బండ్లపల్లికి వచ్చారు, మాట్లాడారు, పోయారు. ఇరవై ఏళ్లలో మా వైపు ఆ పనికి జనం పెట్టుకున్న పేరు ఏమిటో మీకు తెలుసా? కరువు పని. సోనియమ్మ పని అనలేదు, కాంగ్రెస్ పని అనలేదు. కరువొస్తే సర్కారు పెట్టే పని, అంతే. రెండు రూపాయల బియ్యం అంటే ఇప్పటికీ ఎన్టీఆర్ పేరు చెప్పే ఊరు మాది. ఆరోగ్యశ్రీ అంటే రాజశేఖరరెడ్డి పేరు చెబుతారు. కరువు పనికి మాత్రం తల్లీ తండ్రీ లేరు.

పేరు నిలబడాలంటే ఆ పని జరిగే చోట ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. నేను మేటుగా ఉన్న రోజుల్లో పొద్దున ఒకసారి, పనయ్యాక ఇంకోసారి అందరినీ నిలబెట్టి ఫోటో తీసి ఫోన్లో యాప్‌కు ఎక్కించాలి. మేం కందకాలు తవ్వే చోట సిగ్నల్ ఉండదు. గడ్డపారలు, గంపలు కింద పెట్టేసి నలభై మంది ఎండలో నిలబడి ఉంటే నేను గుట్టెక్కి ఫోన్ ఆకాశానికెత్తి తిరుగుతుండేవాణ్ని. కింద నుంచి ఆడవాళ్లు "ఏమప్పా, దేవుడు పలికినాడా లేదా?" అని నవ్వేవాళ్లు. ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కూలి దక్కినట్టా లేనట్టా అన్నది తర్వాత కాళ్లరిగేలా తిరిగి తేల్చుకోవాలి. ఆధార్ ముడిపడక కొందరి పేర్లు జాబ్ కార్డుల్లోంచి ఎగిరిపోయాయి. ఒక వేసవిలో కూలి డబ్బులు వారాల తరబడి పడలేదు. చింతచెట్టు కింద కూర్చుని ఎవరి దగ్గరికి పోదాం అని మాట్లాడుకున్నాం. ఒకరు అధికార పార్టీ పెద్దాయన పేరు చెప్పారు, ఒకరు మాజీ పేరు చెప్పారు. ఈ చట్టం తెచ్చిన పార్టీ పేరు ఆ నలభై మందిలో ఒక్కరికీ నాలుక మీదికి రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

చివరికి వచ్చినవాళ్లు ఎర్రజెండా వ్యవసాయ కార్మిక సంఘం పిల్లలు ఇద్దరు, ఒకే మోటార్ సైకిల్ మీద. మస్టరు కాగితాలు చూశారు, అర్జీ రాశారు, మాతో పాటు పోయి ఆఫీసు ముందు కూర్చున్నారు. డబ్బులు పడ్డాయి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని పక్కన పెట్టి, మహాత్మా గాంధీ పేరు తీసేసి, 125 రోజులని చెబుతూ, నలభై శాతం ఖర్చు రాష్ట్రాల నెత్తిన పెట్టే కొత్త చట్టం తెచ్చింది. ఢిల్లీలో మీ ఎంపీలు గట్టిగానే అరిచారు, చూశాను. గాంధీ పేరు తీసేశారన్నది మీకు పెద్ద సంగతి. మా చింతచెట్టు కింద అడిగే ప్రశ్న వేరు: రాష్ట్రం దగ్గర డబ్బుల్లేకపోతే పని పెడతారా, పెట్టరా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషిని మండలానికి ఒకర్ని తయారు చేయగలరా మీరు? అది చేతకాకపోతే బండ్లపల్లికి మీరు మళ్లీ రావక్కర్లేదు.

మీ హామీలు తక్కువై ఓట్లు పడలేదని మాత్రం నేను ఒప్పుకోను. 2024 ఫిబ్రవరిలో అనంతపురం సభలో ఖర్గే గారు పేద కుటుంబానికి నెలకు అయిదు వేలు ఇస్తామని ప్రకటించారు. ఎదుటివాళ్ల హామీల పక్కన పెట్టి చూస్తే అది చిన్న సంగతి కాదు. అయినా ఊళ్లో ఒక్కరు కూడా ఆ అయిదు వేలు పెట్టి లెక్క వేసుకోలేదు. చంద్రబాబు నాలుగు వేల పింఛను గురించి మాత్రం ఏప్రిల్ నుంచి బకాయితో కలిపి ఎంతొస్తుందో వేళ్ల మీద లెక్క పెట్టారు. గెలిచే అవకాశం ఉన్నవాడు వందిస్తానంటే నమ్ముతారు. గెలవనివాడు వెయ్యిస్తానంటే 'పాపం, మంచివాడే' అంటారు. మీకు ఊళ్లో ఉన్న పేరు ఇప్పుడు ఇదే: పాపం, మంచివాళ్లే.

ప్రత్యేక హోదా కూడా ఇట్లాంటిదే. మొదటి సంతకం దాని మీదే అంటారు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అయిదేళ్ల హోదా అని చెప్పింది మీ ప్రధానే. చెప్పారు, చట్టంలో రాయలేదు. రాసి ఉంటే ఈపాటికి కోర్టుకైనా పోయి అడిగేవాళ్లం. ఈ ఒక్క మాటకు మీ నుంచి సూటిగా జవాబు నేనెప్పుడూ వినలేదు. బీజేపీ ఇవ్వలేదంటారు, నిజమే, ఇవ్వలేదు. మీరు రాయలేదు కూడా. ఈ రెండో వాక్యం మీ నోటి నుంచే వస్తే మొదటి వాక్యానికి బరువొస్తుంది. మా వైపు అప్పు తీర్చలేనివాడు కూడా ఎదురుపడి 'ఇయ్యాల్సి ఉంది, మరిచిపోలేదు' అంటాడు. అంటే చాలు, మళ్లీ కొట్టుకు రానిస్తారు.

షర్మిల గారి గురించి ఒక మాట. 2024 జనవరిలో ఆమె పగ్గాలు పట్టాక మీ పార్టీ పేరు మళ్లీ టీవీల్లో వినపడింది, కాదనను. కడప లోక్‌సభకు తానే పోటీ చేసి మూడో స్థానంలో ఉన్నా లక్షా నలభై వేల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నారు. మిగతా రాష్ట్రంలో మీ పరిస్థితి చూసినవాళ్లకు అది చిన్న లెక్క కాదు. మనిషి ఎదురుగా నిలబడితే ఓటు పూర్తిగా ఎండిపోలేదని అక్కడ తెలిసింది. కానీ అన్నాచెల్లెళ్ల ఆస్తుల ఉత్తరాలు టీవీల్లో చదివిన నాటి నుంచి ఊళ్లో ఆమె ఏం మాట్లాడినా ఇంటి తగాదా కిందే జమ కడుతున్నారు. అందులో న్యాయం ఎవరిదో తేల్చే పని నాది కాదు. ఇంటి తగాదా చూడటానికి గోడ దగ్గర జనం మూగుతారు, నిజమే. చూసి ఎవరింటికి వాళ్లు పోతారు. ఆ లక్షా నలభై వేల మందిలో ఒక్క వీధికైనా ఎన్నికలయ్యాక ఎవరైనా పోయి, 'మాకు వేశారు, మీ పని ఏమన్నా ఉందా' అని అడిగారా? అడిగి ఉంటే ఈ పేరా వెనక్కి తీసుకుంటాను.

ఇక్కడ మీరు నన్ను ఆపి అడగవచ్చు. ఎర్రజెండా పిల్లలు వచ్చి కూలి ఇప్పించారన్నావే, మరి వాళ్లకు మీ ఊరు ఓటేసిందా? వేయలేదు. నేనూ వేయలేదు. సిగ్గుగానే ఉంది. ఎందుకు వేయలేదంటే అవ్వ చెప్పిన మాటే, మురిగిపోతుందని. ఎన్నికల రోజు ఊళ్లో ప్రతివాడూ గెలుపు గుర్రం చూసుకుంటాడు, ఎందుకంటే మర్నాటి నుంచి పింఛను, ఇల్లు, రోడ్డు, పట్టా అన్నీ ఆ గుర్రం తోక పట్టుకునే రావాలి. కాబట్టి ఊళ్లో తిరిగితే ఓట్లు రాలుతాయని మీకు అబద్ధం చెప్పను. తిరగకపోతే మాత్రం ఎప్పటికీ రాలవు.

అందుకే నాకు తోచిన మాట: ఓటు మురిగిపోని ఎన్నికలతో మొదలుపెట్టండి. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. 2021లో మా ఊళ్లో జరిగినప్పుడు గుర్తులు ఉంగరం, కత్తెర లాంటివి. ఇప్పుడున్న పరిస్థితిలో చెయ్యి గుర్తు లేకపోవడమే మీకు మేలు. వార్డు మెంబరుకు రెండు వందల మంది వేస్తే గెలుస్తాడు. అక్కడ ఎవరి ఓటూ మురిగిపోదు, ఎదురుగా ఉన్న మనిషిని చూసి వేస్తారు. మండలానికి నలుగురు వార్డు మెంబర్లు, ఒక సర్పంచి. పేపర్లో ఎవరూ రాయరు, ఢిల్లీలో ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ నలుగురికీ ఊళ్లో ఎవరింట్లో ఏ కాగితం ఆగిపోయిందో తెలుస్తుంది. తర్వాత ఎప్పుడో వాళ్లలో ఒకడు బల్ల వేసుకుని చీటీలు రాస్తాడు.

అభ్యర్థి పేరు మాత్రం ఢిల్లీ నుంచి రానివ్వకండి. 1978 నుంచి 1983 దాకా అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చి చూశారు, తర్వాత ఏం జరిగిందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పీసీసీ అధ్యక్షులను అంతకంటే నింపాదిగా మార్చారు గానీ, 2014 నుంచి 2024 లోపు నలుగురు. మా ఉమ్మడి జిల్లా రఘువీరారెడ్డి గారు 2019 ఓటమి తర్వాత సొంతూరు నీలకంఠాపురం చేరి గుడి పనుల్లో పడ్డారు. మోపెడ్ మీద ఆయన ఫోటో ఒకటి అప్పట్లో అందరూ చూశారు. రాష్ట్రంలో ఆయన్ను అంత మంది ఇష్టంగా చూసింది ఆ ఒక్క ఫోటోలోనేనని నా అనుమానం. ఊళ్లో ఉన్న మనిషిగా కనపడ్డాడు కాబట్టి. 2023లో మీరు ఆయన్ను పిలిచి వర్కింగ్ కమిటీలో వేశారు. అంటే మళ్లీ ఢిల్లీ.

సంస్థ, వ్యూహం, ఐటీ సెల్ అని పెద్ద మాటలు నాకు చేతకావు. ఒక చిన్న పని చెబుతాను, ఖర్చు కూడా పెద్దగా లేనిది. ప్రతి సోమవారం అనంతపురం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. అంతకుముందు స్పందన అనేవాళ్లు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేరు మారింది గానీ వరస మారలేదు. గేటు బయట అర్జీ రాసిపెట్టేవాళ్లకు డబ్బులివ్వాలి. అక్కడ చెట్టు కింద మీరొక బల్ల వేయండి. చదువుకున్న పిల్లనో పిల్లవాణ్నో కూర్చోబెట్టండి. అర్జీ రాసివ్వాలి, నకలు ఒకటి దగ్గర పెట్టుకోవాలి, పదిహేను రోజులకు ఫోన్ చేసి ఏమైందని అడగాలి. బల్ల మీద జెండా ఉన్నా సరే, లేకపోయినా సరే. ఒక్క ఏడాది. పెద్ద సభకు తోలే బస్సుల డబ్బులో ఎన్నో వంతు అవుతుందో మీరే చూసుకోండి.

పోలింగ్ రోజు నా ముందు నిలబడిన అవ్వకు బ్యాంకులో వేలిముద్ర పడటం లేదు. అరవై ఏళ్లు గడ్డపార, కొడవలి పట్టిన చెయ్యి కదా, గీతలు మిగల్లేదు. మిషను మీద బొటనవేలు పెట్టి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెడుతుంది. మూడుసార్లు పోయి ఖాళీ చేతులతో వచ్చింది. వచ్చే సోమవారం నేను ఆమెను అనంతపురం తీసుకుపోతున్నాను. నార్పల నుంచి ఎనిమిది గంటల బస్సు. ఆమెకు ఫ్రీ, నాకు టికెట్ ఉంది. పదింటికల్లా కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాం. మీలో ఎవరికైనా వీలైతే ఒక పెన్ను, నాలుగు తెల్ల కాగితాలు పట్టుకుని రండి.

ఇట్లు,
పాత ఓటరు కొడుకు,
నార్పల మండలం